అడిగి తినడం కూడా ఆరాధనే

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మనల్ని పుట్టించి దారి చూపకుండా వదలలేదు. తినడానికి పరిశుద్ధమైన ఆహారాన్ని ప్రసాదించాడు; ఏది తినవచ్చో, ఏది తినరాదో స్పష్టంగా తెలియజేశాడు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వారిపై, వారి కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

గౌరవనీయులైన సోదరులారా!

కొన్ని వారాల క్రితం జుమా నమాజ్ ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. గచ్చిబౌలిలోని ఒక కంపెనీలో ఉద్యోగం. ప్రతి శుక్రవారం సాయంత్రం సహోద్యోగులంతా కలిసి ఒక ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్‌కు వెళతారట. రెండేళ్లుగా అక్కడ కోడిమాంసం తింటున్నాడు. ఒకనాడు వేరే మతానికి చెందిన స్నేహితుడే ఇతని మీద అభిమానంతో, "ఇక్కడి చికెన్ హలాలేనా?" అని కౌంటరులో అడిగాడు. "కాదండీ" అన్నది సమాధానం. ఆ యువకుడు నాతో అన్న మాట ఇది: "మౌలానా సాబ్, నేను అడగవలసిన ప్రశ్నను అతడు అడిగాడు. నేను సిగ్గుపడి రెండేళ్లు అడగలేదు."

ఈ మాట విన్నప్పటి నుంచి ఈ విషయంపై మాట్లాడాలని అనుకుంటూనే ఉన్నాను. ఎందుకంటే ఇది ఆ ఒక్క యువకుని సమస్య కాదు. హలాల్, హరామ్‌ల సంగతి తెలియనివారు మనలో తక్కువ. తెలిసి కూడా అడగడానికి సంకోచించేవారే ఎక్కువ.

మూలసూత్రం

అల్ బఖరా సూరా 168వ వాక్యంలో అల్లాహ్ మానవులందరినీ ఉద్దేశించి, భూమిలో ఉన్న ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన వస్తువులను తినమని ఆదేశించాడు. దీని ఆధారంగా మన ధర్మవేత్తలు ఒక సూత్రం చెప్పారు. నిషేధానికి ఆధారం దొరకనంతవరకు ప్రతి వస్తువూ అనుమతించబడినదే. ధాన్యం, కూరగాయలు, పండ్లు, పాలు, గుడ్లు, నూనెలు అన్నీ ఈ కోవలోనివే.

అయితే మాంసం విషయంలో సూత్రం ఇందుకు భిన్నమైనది. జంతువును ధర్మబద్ధంగా జిబహ్ చేశారని తెలిసేవరకు దాని మాంసం మనకు అనుమతి కాదు. అల్ మాయిదా సూరా 3వ వాక్యం చచ్చిన జంతువును, రక్తాన్ని, పందిమాంసాన్ని, అల్లాహ్ పేరు కాక ఇతరుల పేర కోసినదాన్ని నిషేధించింది. కనుక బంగాళాదుంప వేపుడు ముందు మనం నిలబడే తీరు వేరు, చికెన్ ముక్క ముందు నిలబడే తీరు వేరు. ఈ రెండు సూత్రాలను గుర్తుంచుకుంటే సగం చిక్కులు తొలగిపోతాయి.

మాంసం విషయంలో ఏమి చూడాలి?

మన హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జిబహ్‌కు షరతులు కొన్ని ఉన్నాయి. కోసేవాడు బుద్ధి కలిగిన ముస్లిం గానీ, గ్రంథవహులకు చెందినవాడు గానీ కావాలి. కోసేటప్పుడు అల్లాహ్ పేరు ఉచ్చరించాలి. శ్వాసనాళం, ఆహారనాళం, మెడకు రెండు పక్కల ఉన్న రక్తనాళాలు, ఈ నాలుగింటిలో కనీసం మూడు తెగాలి. కోసే సమయానికి ప్రాణి బతికి ఉండాలి.

మన వీధిలోని కోళ్ల దుకాణంలో ఇవన్నీ మన కళ్లముందే జరుగుతాయి. పెద్ద ఫాస్ట్‌ఫుడ్ సంస్థలకు మాంసం వచ్చే దారి వేరు. వేల కోళ్లను ఒకేచోట కోసి, శుభ్రపరచి, గడ్డకట్టించి, దూరప్రాంతాలకు పంపుతారు. కొన్నిచోట్ల మనిషే చేతితో కోస్తాడు. కొన్నిచోట్ల తిరిగే యంత్రపు కత్తి కోస్తుంది. కొన్నిచోట్ల కోయడానికి ముందు విద్యుత్తు ప్రవహించే నీటిలో ముంచి కోళ్లను స్పృహ తప్పిస్తారు. కత్తి తగలకముందే కోడి చనిపోతే అది మృతజంతువే అవుతుంది. ఈ భయంతోనే 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, కోళ్లకు విద్యుత్ షాక్ ఇవ్వరాదని తీర్మానించింది.

ఇంత దూరం నుంచి వచ్చే మాంసం సంగతి కౌంటరులో నిలబడిన కుర్రవానికి తెలియకపోవచ్చు. అందుకే హలాల్ సర్టిఫికెట్ అవసరమైంది. మనదేశంలో ఈ సర్టిఫికెట్‌ను ప్రభుత్వం కాక, జమీయత్ ఉలమాయె హింద్ హలాల్ ట్రస్ట్ వంటి సంస్థలు ఇస్తున్నాయి. సర్టిఫికెట్ చూపినప్పుడు మూడు విషయాలు గమనించండి: దాన్ని ఇచ్చిన సంస్థ ఏది, గడువు తేదీ దాటిందా, అది ఆ దుకాణానికి వచ్చే మాంసానికి వర్తిస్తుందా. 2019 ఆగస్టులో మెక్‌డొనాల్డ్స్ ఇండియా తమ రెస్టారెంట్లకు హలాల్ సర్టిఫికెట్లు ఉన్నాయని బహిరంగంగానే ప్రకటించింది. అలాంటి ప్రకటన విన్నా, మీరు వెళ్లిన చోట నేటి సర్టిఫికెట్‌ను చూడమని అడగండి. మాంసం సరఫరా చేసేవారు మారుతుంటారు. ఏనాటి మాటో ఈనాటికి సాక్ష్యం కాదు.

మాంసం లేని పదార్థాలు

మనదేశంలో ప్యాకెట్లపై ఉండే పచ్చని గుర్తు మనకు ఎంతో ఉపకరిస్తుంది. పాలు, తేనె తప్ప జంతు సంబంధమైన పదార్థమేదీ అందులో లేదని ఆ గుర్తు చెబుతుంది. కానీ మద్యం గురించి ఆ గుర్తు ఏమీ చెప్పదు. మద్యం శాకాహారమే కదా! అందువల్ల కేకులు, మిఠాయిలు, విదేశీ వంటకాలలో రమ్ము, వైన్ కలిపారా అని విడిగా తెలుసుకోవాలి. సిర్కా విషయంలో సందేహం అక్కరలేదు. దానిని దైవప్రవక్త (సఅసం) మంచి వ్యంజనమని మెచ్చుకున్నారు.

పదార్థాల జాబితాలో కనిపించే అంకెలను కూడా చదవడం నేర్చుకోవాలి. 120 అన్నది ఒక రకం పురుగుల నుంచి తీసిన ఎర్ర రంగు. 471 అన్నది కొవ్వు నుంచి చేసే పదార్థం. ఆ కొవ్వు మొక్కలదైనా కావచ్చు, జంతువులదైనా కావచ్చు. జెలటిన్ అని ఉంటే అది ఏ జంతువు చర్మం నుంచి, ఎముకల నుంచి వచ్చిందో తెలియాలి.

మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది అమెరికాలో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ జరిగిన ఒక సంగతి వారికి ఉపయోగపడుతుంది. 1990లో మెక్‌డొనాల్డ్స్ సంస్థ బంగాళాదుంప వేపుడుకు పశువుల కొవ్వును మాని వృక్షనూనె వాడతామని ప్రకటించింది. అది విని అనేకమంది హిందువులు, శాకాహారులు నిశ్చింతగా తిన్నారు. ఆ వేపుడులో పశుమాంసపు రుచినిచ్చే పదార్థం ఉందని తరువాత బయటపడి, 2001లో వ్యాజ్యం నడిచింది. 2002లో సంస్థ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఇక్కడ, మనదేశంలో ఆ సంస్థ అమ్మే వేపుడు శాకాహారమే. ఒకే పేరుతో, ఒకే రంగు డబ్బాలో అమ్మే తినుబండారం కూడా దేశాన్ని బట్టి మారుతుందన్నదే ఇందులోని పాఠం.

ఒకే నూనె, ఒకే పెనం

చాలామంది అడిగే ప్రశ్న ఇది: "మేము చేపగానీ, కూరగాయల బర్గర్‌గానీ తింటాము. పరవాలేదా?" చేపకు జిబహ్ అవసరం లేదు, అది హలాలే. కానీ జిబహ్ చేయని కోడిని వేయించిన నూనెలోనే దీన్నీ వేయించారని తెలిస్తే, ఆ నూనె అపరిశుద్ధమైనదే. అందులో వేయించినది తినరాదు. పందిమాంసం కాల్చిన పెనాన్ని కడగకుండా దానిపైనే కాల్చిన రొట్టె సంగతీ అంతే.

ఇందుకు మార్గం హదీసులోనే ఉంది. హజ్రత్ అబూ సఅలబా (రజి) తమ ప్రాంతంలోని గ్రంథవహుల పాత్రలలో తినవచ్చునా అని అడిగారు. వేరే పాత్రలు దొరికితే వాటిలో తినమని, దొరకకపోతే వీటినే కడిగి వాడుకోమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది. ఇందులో నిర్లక్ష్యమూ లేదు, కాఠిన్యమూ లేదు. మనదేశంలో అనేక పెద్ద సంస్థలు శాకాహారానికి, మాంసాహారానికి వేర్వేరు నూనెలు వాడతాయి. "రెండింటికీ నూనె వేరుగా ఉందా?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

అనుమానం వేరు, విచారణ వేరు

కొందరు సోదరులు దీనికి పూర్తి విరుద్ధంగా ప్రవర్తిస్తారు. ముస్లిం సోదరుని ఇంటికి విందుకు వెళ్లి కూడా కోడి ఎక్కడ కొన్నారు, ఎవరు కోశారు అని పరీక్షిస్తారు. ఇది భక్తి కాదు. కొందరు మనుషులు మాంసం తెచ్చి ఇస్తున్నారని, వారు అల్లాహ్ పేరు తలచారో లేదో తెలియదని దైవప్రవక్త (సఅసం)కు విన్నవించారు. ఆ మనుషులు కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు. మీరు అల్లాహ్ పేరు తలచుకొని తినండని ఆయన సెలవిచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన ఈ హదీసు బుఖారీలో ఉంది. ముస్లిం కోసినదానిపై సద్భావమే ఉండాలన్నది దీని సారం. కోసినవాడెవరో బొత్తిగా తెలియని మాంసానికి దీన్ని అనుమతిపత్రంగా వాడుకోరాదు.

ఇక రెండింటికీ మధ్య మిగిలే సందేహాస్పద విషయాల గురించి హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు మార్గం చూపుతుంది. సందేహాలకు దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ, తన గౌరవాన్నీ కాపాడుకున్నాడని అందులో ఉంది. సందేహం తీరకపోతే మాంసం వదిలి మరొకటి తినండి. ఒక పూట కూరగాయలు తిన్నంతమాత్రాన ఎవరి మర్యాదా తగ్గదు.

బోర్డును చూసి మోసపోవద్దు

సోదరులారా! ఈ విషయంలో నేను కూడా పొరపాటు చేశాను. కొన్నేళ్ల క్రితం ప్రయాణంలో ఉండగా దారిలోని ఒక హోటల్‌లో ఆగాను. పచ్చరంగు బోర్డు, దానిపై ఉర్దూ అక్షరాలు, లోపల గోడపై కాబా చిత్రం. ఇక అడగవలసిన పని ఏముందని కూర్చొని బిర్యానీ తిన్నాను. చేతులు కడుక్కుంటూ మాటల్లో తెలుసుకున్నాను: యజమాని మారి రెండేళ్లయిందట. పాత బోర్డు, పాత చిత్రం మాత్రం మిగిలాయి. కోడిమాంసం కోల్డ్ స్టోరేజీ నుంచి వస్తుంది. ఎవరు కోశారో వంటవానికే తెలియదు. ఇతరులకు బోధించే నేనే ఒక్క ప్రశ్న అడగలేకపోయానే అని ఆ రోజంతా బాధపడ్డాను.

హోటళ్లు, ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లు నడిపే ముస్లిం సోదరులకు ఇక్కడే ఒక విన్నపం. మీ దుకాణంపై "హలాల్" అని రాసిన నాడే వందలాది మంది ఈమాన్ మీ చేతిలో అమానత్ అయింది. కిలోకు పది రూపాయలు తక్కువకు వచ్చిందని ఎవరు కోశారో తెలియని మాంసం కొంటే, ఆ లాభంలో శుభం ఉండదు.

సిగ్గు దేనికి?

మన చుట్టూ ఉన్న తెలుగు సమాజాన్ని చూడండి. కార్తీక మాసం నియమం పాటించేవారు, అయ్యప్ప మాల ధరించినవారు హోటల్‌కు వచ్చి, గుడ్డు కూడా తగలకూడదని నిస్సంకోచంగా చెబుతారు. జైన మిత్రులు ఉల్లి, వెల్లుల్లి ఉన్నాయా అని అడిగి మరీ తింటారు. వారిని చూసి ఎవరూ నవ్వరు, గౌరవిస్తారు. మరి మనమెందుకు తలదించుకోవాలి?

అయితే అడిగే తీరులో మన ప్రవక్త (సఅసం) నేర్పిన మృదుత్వం కనిపించాలి. గొంతు పెంచవద్దు, వాదించవద్దు, వడ్డించేవారిని చిన్నబుచ్చవద్దు. "అన్నా, చికెన్ హలాలేనా? సర్టిఫికెట్ ఉంటే చూపిస్తారా?" అంటే చాలు. లేదంటే కృతజ్ఞతలు చెప్పి వేరేది తెప్పించుకోండి. తెలియక తిన్న మరో ముస్లింను నలుగురిలో నిలదీయవద్దు. ఒంటరిగా, ప్రేమగా చెప్పండి.

ఆ యువకుడు చివరగా అడిగాడు: "ఇన్నాళ్లు తిన్నదాని మాటేమిటి? నా నమాజులు పోయినట్లేనా?" నేను చెప్పాను: "లేదు నాయనా. నీ నమాజులు తిరిగి చేయనక్కరలేదు. అడగకుండా ఉపేక్షించినందుకు తౌబా చెయ్యి, రేపటి నుంచి అడుగు. పశ్చాత్తాపంతో వచ్చినవాణ్ని అల్లాహ్ తిప్పి పంపడు."

మరుసటి వారం అతడు మళ్లీ వచ్చాడు. ఈసారి తానే అడిగాడట. మిత్రులంతా కలిసి హలాల్ దొరికే మరో చోటికి వెళ్లారట. "ఇంత తేలికని తెలిసుంటే మొదటి రోజే అడిగేవాణ్ని" అన్నాడు.

సోదరులారా! సుదూర ప్రయాణం చేసి, దుమ్ము కొట్టుకుపోయి, ఆకాశం వైపు చేతులెత్తి వేడుకునే ఒక మనిషి గురించి దైవప్రవక్త (సఅసం) చెప్పారు. అతని తిండి, పానీయం, బట్ట అన్నీ హరామ్ అయినప్పుడు అతని దుఆ ఎలా స్వీకరించబడుతుందని ఆయన ప్రశ్నించారు. ముస్లిం గ్రంథంలోని ఈ హదీసును మనసులో ఉంచుకుంటే, కౌంటరు ముందు అడిగే ఆ చిన్న ప్రశ్న మన దుఆలను కాపాడే ప్రశ్న అని అర్థమవుతుంది.

ఓ అల్లాహ్! మాకు ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన ఆహారాన్ని ప్రసాదించు. దానితోనే మాకు తృప్తి కలిగించు. మా పిల్లలకు అడిగే ధైర్యాన్ని, వదులుకునే నిగ్రహాన్ని, ఇతరులతో మృదువుగా మాట్లాడే సద్గుణాన్ని అనుగ్రహించు. ఆమీన్.