పరదేశమున సమ్మెనాడు



దూరదేశమునకు బయనమగు గృహిణి ఊరగాయజాడీని మఱవదు, ఉన్నిశాలువను మఱవదు. కాని అచట రైళ్లు నిలిచిపోయిననాడు ఏమి చేయవలయునను ఆలోచనను మాత్రము ఇంటనే విడిచి పోవును. నేనును అట్లే పోయితిని. ఆ పొరపాటువలన నేర్చుకొన్నదానిని మీకు విన్నవించుటకే యీ నాలుగుమాటలు.

మా మఱది ఇటలీదేశమున మిలాను నగరమునందు చదువుకొనుచుండగా మా అత్తగారును నేనును అతనిని జూడబోయితిమి. బడిలో పరీక్షలగుటచే మావారు రాలేదు. ఒక గురువారమున మేమిద్దఱము ఫ్లోరెన్సు నగరమును జూడబోయి, రాత్రి అచట బసచేసితిమి. శుక్రవారము పగలు పదిగంటల బండికి తిరుగు టిక్కెట్లు కొనియుంటిని. రెండుగంటల ప్రయాణమే కదా యని, అత్తగారు గుండెజబ్బునకు పూటపూట వేసికొను మాత్రలను శుక్రవారము ఉదయమువఱకే లెక్కించి తెచ్చితిని. వైద్యుని చీటియు మిలానులోనే యుండిపోయెను.

స్టేషనునకు బోయి చూతుము గదా, బండ్ల వేళలు తెలుపు పలకపై వరుసగా ‘కాన్చెల్లాతో’ అను మాటయే వెలుగుచుండెను. రద్దయినదని దాని యర్థము. గురువారము రాత్రి తొమ్మిదిగంటలు మొదలు శుక్రవారము రాత్రి తొమ్మిదివఱకు రైలువారి సమ్మె! అత్తగారు పెట్టెమీద కూలబడి, “వచ్చినవారిని ఇట్లు నడివీథిని గూర్చుండబెట్టి వీరేమి బాగుపడుదురమ్మా!” అనిరి. నా చేతిసంచిలో సున్నుండలు డబ్బానిండ నున్నవి. మాత్ర యొక్కటియు లేదు.

అంతలో సమ్మెచేయుచున్న ఉద్యోగినియే యొకతె కరపత్రములు పంచుచు మా దరికి వచ్చెను. మా యవస్థను వచ్చియురాని ఇంగ్లీషులో చెప్పుకొంటిని. ఆమె నన్ను గోడమీది ప్రకటనకడకు తీసికొనిపోయి, సమ్మెనాడును తప్పక నడపవలసిన బండ్ల పట్టికలో మిలానునకు బోవు సాయంకాలపు బండిని వ్రేలితో జూపెను. టిక్కెట్టు మార్చుకొను కిటికీని గూడ చూపెను. అత్తగారు మాటాడక డబ్బా మూతతీసి ఆమె చేతిలో రెండు సున్నుండలు పెట్టిరి. ఆ రాత్రి మాత్ర వేళకే పడినది.

ఆమె చూపినది ఒకరి దయ మాత్రమే కాదు, ఆ దేశపు చట్టము. ఇటలీ రాజ్యాంగము సమ్మెను హక్కుగ నంగీకరించినది. 1990వ సంవత్సరపు 146వ చట్టము ఆ హక్కునకు హద్దులు గీసినది. ప్రజోపయోగ కార్యములలో సమ్మె చేయువారు కనీసము 10 దినములు ముందుగ తెలుపవలయును. పనిదినములలో ఉదయము 6 నుండి 9 వఱకు, సాయంకాలము 6 నుండి 9 వఱకు ప్రాంతీయపు రైళ్లు కొన్ని నడువవలయును. దూరపు బండ్లకు వేఱు పట్టిక గలదు. నగరపు బస్సులకును ట్రాములకును ఇట్టి వేళలే యుండును గాని, అవి ఊరూరికి మాఱును.

ఫ్రాన్సుదేశమున 2007వ సంవత్సరపు చట్టము ననుసరించి, సమ్మెలో జేరు రవాణా ఉద్యోగులు 48 గంటల ముందుగ తెలుపవలయును. ప్రయాణికులకు 24 గంటల ముందుగ ఏ బండ్లు నడచునో ప్రకటింపవలయును. 2019 డిసెంబరు 5వ తేదీన పారిసునగరమున పింఛనుల విషయమై గొప్ప సమ్మె మొదలైనపుడు, భూగర్భ రైళ్లలో 1వ మార్గమును 14వ మార్గమును నడచుచునే యుండెను. ఆ బండ్లకు చోదకుడే లేడు, యంత్రమే నడపును.

కావున ప్రయాణమునకు ముందు వారమున ఆ దేశపు సమ్మెల పట్టికను ఫోనులో నొకసారి చూచుకొనుడు. ఇటలీలో సమ్మెను ‘షోపెరో’ అందురు. ఫ్రాన్సులో ‘గ్రేవ్’ అందురు. ఆ మాటలను గుర్తుంచుకొనుడు. విమానమెక్కు దినమునకు ముందురోజే ఆ నగరమును జేరుడు. మందులును వైద్యుని చీటియు మూడుదినములకు సరిపడ చేతిసంచిలోనే యుంచుడు. బండి రద్దయినచో టిక్కెట్టును పాఱవేయకుడు. ఐరోపా కూటమి దేశములలో సొమ్మైనను మఱియొక బండియైనను కోరవచ్చును. అచటినుండి బయలుదేరు విమానము సమ్మెచే రద్దయినచో, 2004వ సంవత్సరపు 261వ నిబంధన ప్రకారము ఆ విమాన సంస్థవారు సొమ్ము తిరిగి యీయవలయును, లేదా వేఱు విమానము చూపవలయును. ఆ విమానమునకై వేచియుండువారికి భోజనమును, రాత్రియైన బసయు వారే యేర్పఱుపవలయును. అడుగనివారికి ఇవి తఱచు దక్కవు. కనుక సంకోచింపక అడుగుడు.

బండిలో అత్తగారు చాలసేపు మౌనముగ నుండి యిట్లనిరి: “అమ్మాయీ, 2019లో మన ఆర్టీసీవారు దసరాకు ముందే మొదలుపెట్టి 52 దినములు సమ్మెచేసినపుడు, పండుగకు నా కూతురు రాలేకపోయెనని విసిగికొంటిని. ఎదురింటి కండక్టరు భార్య ఆ పండుగ యెట్లు గడిపినదో ఒకనాడైనను అడుగలేదు గదా!”

నాకును ఆ మాట అప్పటివఱకు తోచలేదు. ఊరికి తిరిగివచ్చిన మఱునాడు అత్తగారు మిగిలిన సున్నుండల డబ్బాతో ఎదురింటికి వెళ్లిరి.