తడికెల ఇంటికి వెలెంత?

నిలువు గుంజలు, వెదురు తడికెలు, పైన తాటాకు కప్పు. భద్రాచలం అడవి అంచున, గోదావరి శబరి ఒడ్డున ఉన్న కోయగూడేల్లో ఇల్లంటే తరతరాలుగా ఇదే. ఇప్పుడు రేకులూ, పెంకులూ, పక్కా ఇళ్లూ వచ్చాయి. అయినా తడికెల ఇల్లు కనిపిస్తూనే ఉంటుంది.

వెదురును చీల్చి తడికెలు అల్లుతారు. వాటికి ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తుతారు. ఎండలు మండిపోతున్నా లోపల చల్లగా ఉంటుంది. ఇంటిచుట్టూ దడి, ఆ దడి లోపలే కోళ్లు, మేకలు, సొరపాదు. ఎండలు ముదిరే వేళకి వాకిలినిండా ఇప్పపూలు ఆరుతుంటాయి. ఆ తర్వాత తునికాకు కట్టల వంతు. పడుకునేది లోపలే అయినా బతుకంతా వాకిట్లోనే!

గుట్టే దిక్కు

వానాకాలం వస్తే ఈ గూడేల చెవులన్నీ భద్రాచలం వైపే. అక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీటిమట్టం ఏకంగా 75.6 అడుగులకు చేరింది. రికార్డు ఇప్పటికీ అదే. 2022 జులైలో 71.3 అడుగులకు చేరి మళ్లీ వణికించింది. గోదావరి పొంగితే కూనవరం దగ్గర అందులో కలిసే శబరికి దారి దొరకదు. ఆ నీరు వెనక్కి తన్ని చింతూరు దాకా ఊళ్లను ముంచుతుంది.

భద్రాచలం పట్టణానికి కరకట్ట అండ ఉంది. గూడేలకు గుట్టే దిక్కు. బియ్యం, గిన్నెలు, కాగితాలు మూటకట్టుకుని పిల్లాపాపలతో పైకెక్కి, పరదాల కింద రోజులు లెక్కపెడతారు. దిగివచ్చేసరికి గోడల మట్టి కరిగి, ఇంటినిండా ఒండ్రు. దాచుకున్న ధాన్యం, పిల్లల పుస్తకాలు పోతే పోయినట్టే. ఇల్లు మాత్రం మళ్లీ లేస్తుంది. వెదురు అడవిలో ఉంది, మట్టి కాళ్లకిందే ఉంది, చేయి వేసేవాళ్లు పక్కింట్లో ఉన్నారు మరి!

గీతకు అటూ ఇటూ

పోలవరం నీళ్లు అలా వచ్చిపోయేవి కావు. ఈ ప్రాజెక్టు కోసమే 2014లో అప్పటి ఖమ్మం జిల్లా ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉంది. జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. తొలిదశలో 41.15 మీటర్ల కాంటూరు లోపలి ఊళ్లకే పరిహారం, పునరావాసం అన్నారు. 2022 వరద ఆ గీతను ఖాతరు చేయలేదు. గీత అవతలి ఇళ్లూ మునిగాయి. మమ్మల్నీ మొదటి జాబితాలో చేర్చండంటూ జనం రోడ్డెక్కారు.

వేలేరుపాడు, కుక్కునూరు మండలాల నిర్వాసితులకు జంగారెడ్డిగూడెం వైపు కాలనీలు కట్టారు. సిమెంటు గోడలు, వరసగా వీధులు. బడి, ఆసుపత్రి దగ్గరవుతాయి. వరద భయం ఉండదు. చదువుకునే పిల్లలున్న ఇంటికి అది చిన్న మేలేం కాదు. కానీ అక్కడ కోళ్లను ఎక్కడ వదలాలి? మేకలను ఎటు తోలాలి? ఇప్పపూలకు ఎంతదూరం నడవాలి?

గోడలకు వెల కట్టడానికి ఇంజినీర్లున్నారు. వాకిలికీ, దాన్ని ఆనుకున్న అడవికీ వెల కట్టాల్సి వచ్చినప్పుడే లెక్క తెగడంలేదు. కొత్త ఇంటి కొలతలు వేసేముందు ఈ పాత ఇంటిని ఒక్కసారి చుట్టూ తిరిగి చూస్తే, ఏమేం ఇవ్వాలో అదే చెబుతుంది.