తోమిన మెరుపు, అచ్చు మెరుపు

పిల్లలూ! మా ఇల్లు హైదరాబాదులోని బోరబండలో ఉన్నది. నేను హెడ్‌మాస్టరు పని మానుకుని చాలా కాలమైనా, చుట్టుపక్కల పిల్లలకు ఏ సందేహం వచ్చినా నా దగ్గరకే వస్తారు. మొన్న ఒక ఆదివారం ఏడవ తరగతి చదివే పక్కింటి అబ్బాయి గుప్పిట మూసుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్! ప్రూఫ్ నాణెం కొన్నాను. నాలుగు వందలు!" అంటూ గుప్పిట తెరిచాడు.

అది 1969లో గాంధీజీ శతజయంతికి మన ప్రభుత్వం విడుదల చేసిన రూపాయి. అద్దంలా తళతళలాడుతున్నది. పండుగలకు పెద్దలిచ్చిన డబ్బంతా కూడబెట్టి సంతలో కొన్నాడట. "ఇంత మెరుపు ప్రూఫ్ నాణేనికే ఉంటుంది" అని అమ్మినవాడు చెప్పాడట.

"మా నాయనమ్మ పెట్టెలో చార్మినారు బొమ్మ ఉన్న వెండి రూపాయి ఉంది, సార్. నల్లగా ఉంది. చింతపండుతో తోమితే అదీ ఇలాగే అవుతుంది కదా?" అన్నాడు.

నా గుండె గుభేలుమన్నది. "తోమావా?" అని అడిగాను.

"ఇంకా లేదు. సాయంత్రం తోముతాను."

"అయితే ముందు ఇలా కూర్చో" అని నా భూతద్దం తెచ్చాను.

పుస్తకం అచ్చు వేసేముందు ఒక ప్రతి తీసి తప్పులు దిద్దుతారు. దానిని ప్రూఫ్ అంటారని మీకు తెలుసు. టంకశాలలో కూడా పూర్వం కొత్త అచ్చుదిమ్మ సరిగా ఉన్నదో లేదో చూడటానికి ముందుగా కొన్ని నాణేలు కొట్టేవారు. తరువాత, సేకరించేవారి కోసం ప్రత్యేకంగా తయారుచేసే నాణేలకు ఆ పేరు నిలిచిపోయింది. కనుక ప్రూఫ్ అన్నది నాణెం ఎంత కొత్తదో చెప్పే మాట కాదు. దానిని ఎలా తయారుచేశారో చెప్పే మాట.

మనం బజారులో వాడే నాణేలను యంత్రం నిమిషానికి వందల లెక్కన అచ్చు వేస్తుంది. ఒక్కొక్క లోహపు బిళ్ళకు ఒక్కటే దెబ్బ. నాణేలన్నీ తొట్టిలో పడి, ఒకదానికొకటి తగిలి గాట్లు పడతాయి. ప్రూఫ్ నాణెం సంగతి వేరు. దిమ్మకూ బిళ్ళకూ ముందే మెరుగు పెడతారు. ఎక్కువ ఒత్తిడితో, నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు అచ్చు వేస్తారు. చేతితొడుగులు వేసుకుని ఒక్కొక్కటే తీసి పెట్టెలో అమరుస్తారు.

"మరి చూసి ఎలా గుర్తుపట్టాలి, సార్?" అన్నాడు కుర్రవాడు.

మొదట బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ చోటు చూడాలి. ప్రూఫ్ నాణెంలో అది అద్దంలా ఉంటుంది. చాలావాటిలో బొమ్మ మాత్రం బూడిదగుమ్మడి మీది బూడిదలాగా తెల్లగా, మెరుపు లేకుండా ఉంటుంది. అబ్బాయి తెచ్చిన రూపాయిలో బొమ్మా, చుట్టూ ఉన్న చోటూ ఒకేలా మెరుస్తున్నాయి.

రెండవది, దీపం కింద నాణాన్ని మెల్లగా తిప్పాలి. వాడని మామూలు నాణెం మీద వెలుగు సైకిలు చక్రం ఊచలలాగా తిరుగుతుంది. దిమ్మ దెబ్బకు లోహం మధ్యనుంచి అంచులకు జరిగినందువల్ల అలా కనబడుతుంది. ఈ రూపాయి మీద ఊచలు లేవు. సన్నని గీతలు వందలు కనిపించాయి. అవి గుడ్డతోనో బ్రష్షుతోనో రుద్దిన గీతలు.

మూడవది, అంచులూ అక్షరాలూ చూడాలి. ప్రూఫ్ నాణెంలో అవి కోసినట్టు పదునుగా ఉంటాయి. ఇక్కడ ఎత్తయిన చోట్లన్నీ అరిగి నునుపుదేరాయి. అక్షరాల సందుల్లో మురికి ఇంకా ఉన్నది.

చివరకు టంకశాల గుర్తు చూడాలి. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే ఆ నాణెం మన హైదరాబాదుది. వజ్రం గుర్తు ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది. కలకత్తా నాణేనికి గుర్తే ఉండదు. 1969లో ముంబయిలో చేసిన ప్రూఫ్ రూపాయిల మీద వజ్రానికి బదులు ‘బి’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. భూతద్దంలో కుర్రవాడికి కనిపించింది వజ్రం!

వాడి ముఖం చిన్నబోయింది. "ఇది దొంగ నాణెమా, సార్?"

"కాదు. అసలైన రూపాయే. అయితే ఊరంతా తిరిగి అరిగిన మామూలు రూపాయి. ఎవరో మెరుగు పెట్టారు."

వాడు కొంచెంసేపు ఆలోచించి, "మా క్లాసువాడు ఒకడు దీనికి అయిదు వందలిస్తానన్నాడు" అన్నాడు మెల్లగా.

నేనేమీ మాట్లాడలేదు. నా మేజా సొరుగులోనుంచి ఒక చార్మినారు రూపాయి తీసి వాడి చేతిలో పెట్టాను. హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదుకు మారింది. అక్కడ యంత్రాల మీద తయారైన నాణేలలో ఇదీ ఒకటి. ఈ రూపాయిలపై చార్మినారు ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. ‘మీమ్’ ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలానిది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీఖాన్ కాలానిది. నా నాణెంలో ఆ అక్షరం సగం చెరిగిపోయింది. చిన్నతనంలో చింతపండూ బూడిదా పెట్టి తోమింది నేనే! గాలిలోని గంధకం సోకి వెండి నల్లబడుతుంది. ఆ నలుపును గీకితే దానితోపాటు వెండీ పోతుంది, గీతలూ పడతాయి. ఒకసారి పోయిన అచ్చు ఎంత తోమినా తిరిగి రాదు.

ఇద్దరం వాళ్ళ ఇంటికి వెళ్ళాం. నాయనమ్మగారు పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన రూపాయి తీశారు. "మా అమ్మ నా పెళ్ళినాడు చేతిలో పెట్టింది" అన్నారు. కుర్రవాడు అంచులు మాత్రమే పట్టుకుని భూతద్దంలో చూశాడు. ఆ నలుపులో ‘ఐన్’ అక్షరం చెక్కుచెదరకుండా ఉన్నది. వాడు నాణాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి ఆమెకిచ్చాడు.

సైఫాబాదు పాత టంకశాలలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు. టంకశాల పని మాత్రం 1997 నుండి చర్లపల్లిలో సాగుతున్నది. మీ ఇంట్లో చిల్లర డబ్బా ఉంటే, ఈ రోజే నక్షత్రం గుర్తు ఉన్న నాణేలు ఎన్ని ఉన్నాయో వెతకండి.

మరి ఆ గాంధీ రూపాయి ఏమైందంటారా? కుర్రవాడు దానిని అమ్మలేదు. తన ఆల్బంలో పెట్టి, కింద చీటీ అంటించాడు: "1969. మామూలు రూపాయి. తోమినది."