కొండ మాది, కథ ఎవరిది?

పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం తూర్పు కొండల్లో ఒక చిత్రమైన దస్తావేజు చలామణిలోకి వచ్చింది. కొనుగోలుదారు కొండ రైతు ఇంటికి వచ్చి, ఎకరానికి అర డాలరో, ఇంకాస్త ఎక్కువో చేతిలో పెట్టి సంతకం చేయించుకునేవాడు. చదువు రానివాళ్లు సంతకం చోట ఇంటూ గుర్తు గీసేవారు. ఆ కాగితం ప్రకారం ఇల్లూ పొలమూ రైతువే, నేల అడుగునున్న బొగ్గు మాత్రం కొన్నవాడిది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ బొగ్గు తీయడానికి ఏది అవసరమనుకుంటే అది చేసుకునే హక్కు కూడా అందులోనే రాసి ఉండేది. దారి వేసుకోవచ్చు, కలప కొట్టుకోవచ్చు, నీళ్లు మళ్లించుకోవచ్చు, తవ్విన మట్టి కుమ్మరించుకోవచ్చు. సంతకం పెట్టిన తాతకు తెలిసిందల్లా పలుగూ పారా. మనవడి కాలానికి బుల్డోజర్లు వచ్చాయి. ఓపెన్‌కాస్ట్ పేరుతో పెరటి వెనక కొండను చెక్కేస్తున్నారని మొరపెట్టుకుంటే కోర్టులు ఆ పాత కాగితాన్నే చూపించాయి. 1965లో నాట్ కౌంటీలో ఆలీ కూంబ్స్ అనే 61 ఏళ్ల వితంతువు తన ఇంటి పైనున్న వాలులో బుల్డోజరుకు అడ్డంగా కూర్చుంటే, ఆమెను కాళ్లూ చేతులూ పట్టి మోసుకెళ్లి జైల్లో పెట్టారు.

ఆ నాట్ కౌంటీకి పక్కనే లెచర్ కౌంటీ ఉంది. దాని ముఖ్యపట్టణం వైట్స్‌బర్గ్. జనాభా రెండు వేలకు అటూ ఇటూ. మన దగ్గరైతే ఓ మోస్తరు పల్లెటూరు. కెంటకీ నది ఉత్తరపాయ ఒడ్డున, పైన్ మౌంటెన్ అనే పొడవాటి కొండ నీడన ఉంటుంది. 1910ల మొదట్లో రైలు వచ్చింది, రైలు వెంట బొగ్గు కంపెనీలు వచ్చాయి. కౌంటీలోని జెంకిన్స్ అనే ఊరినైతే కన్సాలిడేషన్ కోల్ కంపెనీయే పునాదుల నుంచి కట్టింది. ఇక్కడి ప్రముఖులెవరని అడిగితే ముందుగా వినిపించే పేర్లు ఆ జెంకిన్స్‌లో పుట్టినవాళ్లవే. 1960 మే 1న సోవియట్ గగనతలంలో కూలిన యూ-2 గూఢచారి విమానం పైలట్ ఫ్రాన్సిస్ గ్యారీ పవర్స్ ఒకరు. బ్లూగ్రాస్ సంగీతకారుడు బిల్ మన్రో బృందంలో ఏళ్ల తరబడి ఫిడేలు వాయించిన కెన్నీ బేకర్ మరొకరు. ఇద్దరూ బయటికి వెళ్లి పేరు తెచ్చుకున్నారు. అయితే ఈ ఊరి చరిత్రను మలుపు తిప్పింది వాళ్లు కాదు, ఊళ్లోనే ఉండి ఊరి సంగతులు ఊరివాళ్లకే చెప్పినవాళ్లు: ఒక వారపత్రిక, ఒక సినిమా వర్క్‌షాపు, ఒక చిన్న రేడియో స్టేషను. బొగ్గు ఎలా పరాయి చేతుల్లోకి పోయిందో, ఒకప్పుడు ఈ కొండల కథా అలాగే పోయింది. దాన్ని తిరిగి రాబట్టుకోవడమే ఈ ఊరి అసలు చరిత్ర అని నా వాదన.

కథ చేయి జారిన కాలం 1960లు. వైట్స్‌బర్గ్ లాయరు హ్యారీ కాడిల్ 1963లో ‘నైట్ కమ్స్ టు ది కంబర్లాండ్స్’ అనే పుస్తకం రాశారు. కొండల్ని కొల్లగొట్టిన తీరును, మిగిలిన పేదరికాన్ని దేశం ముందు పెట్టిన పుస్తకమది. మరుసటేడు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించి, తూర్పు కెంటకీలో ఒక పేదవాడి ఇంటి వరండాలో కూర్చుని ఫొటోలు దిగాడు. కెమెరాలు బారులు తీరాయి. అవి వెతికింది చిరిగిన బట్టల పిల్లల్ని, కూలబోతున్న గుడిసెల్ని. బడిపంతులు, దుకాణదారు, యూనియన్ నాయకుడు కూడా అవే కొండల్లో ఉంటారన్న సంగతి తెర మీద కనిపించేది కాదు. 1967 సెప్టెంబరులో దీనికి ఘోరమైన పర్యవసానం ఎదురైంది. కెనడా చిత్రదర్శకుడు హ్యూ ఓకానర్ లెచర్ కౌంటీలోని జెరిమయా అనే చోట అద్దె ఇళ్ల దగ్గర ఒక గని కార్మికుణ్ణి చిత్రీకరిస్తుండగా, ఆ స్థలం యజమాని హోబర్ట్ ఐసన్ వచ్చి వెళ్లిపొమ్మని అరిచి, తుపాకీతో కాల్చి చంపాడు. తొలి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. తర్వాత నేరం ఒప్పుకున్న ఐసన్‌కు పదేళ్ల శిక్ష పడింది. జైల్లో గడిపింది మాత్రం ఏడాదే. స్థానికుల్లో చాలామంది అతని వైపే నిలిచారు. హత్యను ఏ అవమానమూ సమర్థించదు. కానీ ఒక జనం హంతకుణ్ణి వెనకేసుకొచ్చేంతగా కెమెరాను ద్వేషించారంటే, ఆ కెమెరా అంతకుముందు వాళ్లను ఎలా చూసిందో అడగక తప్పదు.

దీనికి జవాబు తుపాకీతో కాకుండా అచ్చుయంత్రంతో చెప్పిన దంపతులు అదే ఊళ్లో ఉన్నారు. సీకో అనే బొగ్గు కాలనీలో పుట్టిన టామ్ గిష్, ఆయన భార్య ప్యాట్ 1950ల మధ్యలో ‘ది మౌంటెన్ ఈగిల్’ వారపత్రికను కొన్నారు. అంతవరకు పత్రిక పేరు కింద తాము అందరికీ స్నేహితులమన్న అర్థం వచ్చే మర్యాదైన మాట ఒకటి ఉండేది. గిష్‌లు దాన్ని తీసేసి ‘అరుస్తుంది’ అనే అర్థం వచ్చే రెండు మాటలు పెట్టారు. స్కూలు బోర్డు సమావేశాల్లో, కౌంటీ కోర్టులో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయడం మొదలుపెట్టేసరికి అధికారులు తలుపులు మూశారు, ప్రకటనలు ఆగిపోయాయి. ఓపెన్‌కాస్ట్ తవ్వకాల గురించి, గనుల్లో భద్రత గురించి రాతలు మాత్రం ఆగలేదు. 1974 ఆగస్టులో ఎవరో పత్రిక కార్యాలయానికి నిప్పు పెట్టారు. సంచిక ఒక్కటీ తప్పలేదు. ఆ వారం పేరు కింద ఒక మాట అదనంగా చేరింది: ‘ఇంకా అరుస్తూనే ఉంది’. ఆ కేసులో చివరికి ఊరి పోలీసు ఒకరు దోషిగా తేలారు. 1976 మార్చిలో ఇదే కౌంటీలోని స్కోషియా గనిలో మీథేన్ పేలి 15 మంది చనిపోయారు. రెండు రోజుల తర్వాత జరిగిన మరో పేలుడు, లోపలికి వెళ్లిన 11 మందిని బలి తీసుకుంది. వాళ్లలో ముగ్గురు కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు. మరుసటేడు దేశానికి కొత్త గని భద్రతా చట్టం వచ్చింది. ఇలాంటి రోజున దేశంలోని పత్రికలన్నీ వస్తాయి. అవి వెళ్లిపోయిన మరుసటి వారం, ఆ పై వారం ఏం జరిగిందో రాయాల్సింది స్థానిక పత్రికే.

రెండో సాధనం సినిమా. 1969లో ప్రభుత్వ పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద, అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తోడ్పాటుతో, కొండ ప్రాంత యువతకు సినిమా పని నేర్పే వర్క్‌షాపు వైట్స్‌బర్గ్‌లో మొదలైంది. పని నేర్చుకున్నవాళ్లు ఉద్యోగాలకు నగరాలకు పోతారని సర్కారు అనుకుంది. వాళ్లు మాత్రం ఊళ్లోనే ఉండిపోయి దాన్ని తమ సంస్థగా మార్చుకున్నారు. అదే ‘ఆపల్‌షాప్’. వీళ్ల చూపులో తేడా ఎంతో ఒక్క పేరు చాలు తెలుసుకోవడానికి. 1972లో వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ దగ్గర బొగ్గు కంపెనీ కట్టిన వ్యర్థాల ఆనకట్ట తెగి 125 మంది చనిపోతే, కంపెనీ దాన్ని దైవఘటన అంది. ఆపల్‌షాప్ తీసిన డాక్యుమెంటరీ పేరులోనే ఇది మానవ ఘటన అని చెప్పింది. ఆ చిత్రం 2005లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చోటు సంపాదించింది. అంతకన్నా కష్టమైన పని ఎలిజబెత్ బ్యారెట్ చేశారు. పొరుగు కౌంటీలో పెరిగిన ఈమె 2000లో ‘స్ట్రేంజర్ విత్ ఎ కెమెరా’ తీసి, ఓకానర్ హత్యను మళ్లీ కదిపారు. చనిపోయినవాడి కూతురి మాటా వినిపించారు, చంపినవాడి పొరుగువాళ్ల మాటా వినిపించారు. కెమెరా పట్టుకున్న తన బాధ్యత ఏమిటని తననీ ప్రశ్నించుకున్నారు.

మూడోది రేడియో. 1985లో ఆపల్‌షాప్ నుంచే డబ్ల్యూఎంఎంటీ అనే ఎఫ్‌ఎం స్టేషను 88.7 మీద ప్రసారాలు మొదలుపెట్టింది. జీతానికి పనిచేసేవాళ్లు కొద్దిమందే. బాంజో పాటలు, స్థానిక వార్తలు, ఊరి స్వచ్ఛంద ప్రయోక్తలు, అంతే. 1990ల చివర్లో సరిహద్దు అవతల వర్జీనియా కొండల మీద రెడ్ ఆనియన్, వాలెన్స్ రిడ్జ్ అనే గట్టి కాపలా జైళ్లు వెలిశాయి. బొగ్గు కొలువులు పోయిన చోట జైలు కొలువులు వచ్చాయి. ఖైదీలు చాలామంది దూర నగరాల నల్లజాతివాళ్లు. ఇంటివాళ్లు చూడ్డానికి రావాలంటే గంటల ప్రయాణం. స్టేషన్‌లో ఒక హిప్‌హాప్ కార్యక్రమం మొదలైతే, జైళ్ల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. అలా పుట్టిందే ‘కాల్స్ ఫ్రమ్ హోమ్’. సోమవారం సాయంత్రం కుటుంబాలు స్టేషన్‌కు ఫోన్ చేసి కబురు చెబుతాయి, రాత్రి అవి పాటల మధ్య ప్రసారమవుతాయి. కూతురికి పరీక్షలో వచ్చిన మార్కులు, అమ్మ ఆరోగ్యం, పుట్టినరోజు శుభాకాంక్షలు. సెల్‌లో చిన్న రేడియో పెట్టుకున్న మనిషి తన పేరు కోసం చెవి ఒగ్గి కూర్చుంటాడు. అదే తరంగం మీద జైలు కాపలాదారు ఇంటికీ ఆ గొంతులు చేరతాయి. ఖైదీని నంబరుగా చూసే కుర్రవాడికి, అతనికీ ఎదురుచూసే అమ్మ ఉందని తెలుస్తుంది. పెద్ద స్టేషన్లకు లెక్కలోకి రాని శ్రోతలు వీళ్లు.

ఈ వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. ఆపల్‌షాప్ మొదలైందే కేంద్ర ప్రభుత్వ డబ్బుతో. దాన్ని నిలబెట్టిన బిల్ రిచర్డ్‌సన్ యేల్ విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన బయటివాడు. మరి ఇదెలా స్థానికుల గొంతు అవుతుంది? రెండోది, లోపలివాడైనంత మాత్రాన న్యాయంగా చూస్తాడా? ఇదే ఊళ్లో పుట్టిన కాడిల్, 1970ల్లో భౌతిక శాస్త్రవేత్త విలియం షాక్లీ ప్రచారం చేసిన వంశపారంపర్య వాదం వైపు మొగ్గి, కొండ జనం పేదరికానికి కారణం వాళ్ల రక్తంలోనే ఉందన్న ఆలోచన దాకా వెళ్లారు. పత్రికకు నిప్పు పెట్టించిందీ పరాయివాళ్లు కాదు. ఈ రెండూ నిజమే. అందుకే నేను పుట్టిన చోటును కొలమానంగా తీసుకోవడం లేదు. చెప్పినవాడు తను చెప్పిన మనిషికి మరునాడు ముఖం చూపించాలా లేదా అన్నదే నా కొలమానం. రిచర్డ్‌సన్ వచ్చి ఇక్కడే నిలిచాడు. కాడిల్ ఇక్కడే ఉండి కూడా ఆ ఒక్క విషయంలో జనం నుంచి దూరం జరిగారు. గిష్ దంపతులు ఎవరి గురించి రాశారో వాళ్లకే ప్రతి వారం కిరాణా కొట్లో ఎదురుపడ్డారు. ఆ ఎదురుపడటం భయపెడుతుంది, నిప్పూ పెట్టిస్తుంది. కానీ మనిషిని బొమ్మగా మార్చే ధైర్యం ఎవరికీ ఇవ్వదు.

మూడో అభ్యంతరం ఇంకా సూటిది: ఇన్ని గొంతులుండీ ఊరు బాగుపడిందా? 1940లో దాదాపు 40 వేలున్న లెచర్ కౌంటీ జనాభా 2020 నాటికి 22 వేల లోపుకు పడిపోయింది. రేడియో బొగ్గు గనుల్ని తెరవలేదు, సినిమా ఉద్యోగాలు పుట్టించలేదు. నిజమే. అయితే ఈ లెక్కలో ఒక మార్పు తప్పిపోతుంది. మొదట చెప్పిన ఆ దస్తావేజు కోరలు 1988లో ఊడాయి. నేల యజమాని ఒప్పుకోకుండా ఓపెన్‌కాస్ట్ తవ్వకూడదన్న రాజ్యాంగ సవరణకు కెంటకీ ఓటర్లలో నూటికి ఎనభై మందికి పైగా ఔనన్నారు. బొగ్గు మొహమే చూడని జిల్లాల ఓటర్లు కూడా అందులో ఉన్నారు. కొండ కింద ఏం జరుగుతోందో ఏళ్ల తరబడి ఎవరో చెబుతూ రాకపోతే, వాళ్లకు ఆ కాగితం సంగతే తెలిసేది కాదు.

2022 జూలై 28న కెంటకీ నది ఉత్తరపాయ వైట్స్‌బర్గ్ దగ్గర 20 అడుగులు దాటి పొంగింది. అంతకుముందు 1957 నాటి రికార్డు 15 అడుగుల లోపే. తూర్పు కెంటకీలో 40 మందికి పైగా చనిపోయారు. ఒడ్డునే ఉన్న ఆపల్‌షాప్ భవనంలోకి బురద చొరబడింది. రేడియో స్టేషనూ, యాభై ఏళ్లుగా పోగుచేసిన రీళ్లూ టేపులూ ఫొటోలూ నానిపోయాయి. ఇళ్లు పోయినవాళ్ల మధ్య పాత టేపుల గురించి బాధపడటం సబబేనా అనిపించవచ్చు. కానీ ఆ టేపుల్లో ఉన్నది ఆ ఇళ్లవాళ్ల తాతల మాటలే: గనిలో పేలుడు ఎలా జరిగిందో, కంపెనీ దుకాణంలో అప్పు ఎలా పెరిగేదో, ఒక పాత పాట ఏ వరసలో పాడేవారో. వాటికి చాలాచోట్ల రెండో ప్రతి లేదు. అందుకే బురద ఆరకముందే రీళ్లను బయటికి తీసి కడిగారు, చెడిపోకుండా గడ్డకట్టించి సంరక్షణ నిపుణుల దగ్గరికి పంపారు. వరద వార్త కోసం వచ్చిన దేశపు కెమెరాలకు ఆ రీళ్లలో ఏముందో తెలియదు. ఏ రీలు ముందు కాపాడాలో తెలిసింది, వాటిలోని మనుషుల్ని పేరుపేరునా ఎరిగినవాళ్లకే.