గాలికిని జల్లెడ వలయును

ధాన్యమును తూర్పారబట్టుటకు గాలి యెంత యవసరమో రైతుసోదరులకు మేము చెప్పనక్కరలేదు. నేటి బియ్యపు మిల్లులలో సార్టెక్సని పిలువబడు యంత్రము చేయునదియు నొకవిధమగు తూర్పారబట్టుటయే. జారిపడు గింజలను కెమెరా చూచును. నల్లగింజ కనబడినంతనే సన్నని రంధ్రమునుండి గాలిదెబ్బ వెలువడి దానిని ప్రక్కకు నెట్టును. ఆ గాలిని కంప్రెసరు నొక్కి పంపును.

ఒక మిల్లులో నల్లగింజలు బియ్యమున నిలిచిపోవుచుండగా సభ్యులు ధాన్యమును నిందించిరి. మేము పరీక్షింపగా దోషము ధాన్యమున లేదు. గాలితొట్టి యడుగున నీరు నిండి, గాలితోకూడ యంత్రములోనికి పోవుచుండెను.

ఆ నీరెక్కడిది? 30 డిగ్రీల వేడిమిలో ఒక ఘనమీటరు చోటున సుమారు 30 గ్రాముల నీటియావిరి మాత్రమే నిలువగలదు. గాలిని నొక్కినను ఈ హద్దు పెరుగదు. సగము తడిగల గాలిని 8 ఘనమీటర్లు తెచ్చి ఒక ఘనమీటరులోనికి నొక్కినచో 120 గ్రాముల యావిరి చేరును. అది మరల 30 డిగ్రీలకు చల్లారునప్పటికి 90 గ్రాములు నీరై దిగును.

కావున తొట్టి పిమ్మట గాలి నారబెట్టు యంత్రమును, దాని పిమ్మట ఫిల్టరును, తుదకు రెగ్యులేటరును అమర్తురు. ఫిల్టరులో గాలి సుడి తిరుగగా నీటిబొట్లును త్రుప్పును గిన్నె యంచునకు విసరబడి యడుగునకు దిగును. సన్నని దుమ్మును లోపలి జల్లెడ పట్టును. ఆవిరిని మాత్ర మది పట్టజాలదు. ఆ పని ఆరబెట్టు యంత్రమునదే.

రెగ్యులేటరు కాలువకు తూమువంటిది. మరను బిగించిన ఒత్తిడి హెచ్చును, వదలిన తగ్గును. ఒత్తిడి మించినచో మంచిగింజలును ఎగిరిపోవును. చాలనిచో నల్లగింజ నిలిచిపోవును. కావున తక్కువనుండి మెల్లగా పెంచి, యంత్రమునకు విధించిన కొలతయొద్ద నిలుపవలెను.

పనివారు గమనింపవలసినవి: తొట్టి నీటిని, గిన్నె నీటిని ప్రతిదినము వదలవలెను. గిన్నెను విప్పుటకు ముందు గాలిని కట్టి, ముల్లు సున్నకు వచ్చువరకు ఆగవలెను. ప్లాస్టిక్ గిన్నెను సబ్బునీటితోనే కడుగవలెను. థిన్నరు తగిలిన గిన్నె బీటలువారి, ఒత్తిడికి ప్రేలవచ్చును. ఫిల్టరు దాటినపిమ్మట ఒత్తిడి మిక్కిలి పడిపోవుచున్న జల్లెడను మార్పవలెను.

నీటిని వదలుటకు నిమిషము చాలును. ఆ నిమిషమును విడిచినచో నష్టము బియ్యపు వెలలో తేలును. మిల్లునకు పోయిన సభ్యులు ఆ గిన్నెవైపు ఒకమారు చూడుడు. మిల్లు మనదే గదా!