సరకుబండి కొనుటకు ముందు

మన అవ్వల కాలమున ఇంటికి ఎడ్లజత కొనవలసి వచ్చినపుడు పండ్లు చూచి వయస్సు తెలిసికొనుట, సుడులు పరికించుట, కాడి కట్టి నడిపించుట మగవారి పనిగా నుండెడిది. ఆ జత యేటికి ఎంత గడ్డి మేయును, తవుడు చిట్టులకు ఎంత యగును, పనిలేని నెలలలో వానిని పోషించు టెట్లు అను విచారణ ఇల్లాలిది. ఇప్పుడు ఎడ్ల స్థానమున నాలుగు చక్రముల చిన్న సరకుబండ్లు వచ్చినవి. నాలుగైదు లక్షలు మొదలు పది లక్షలకు పైగా వాని వెల యున్నది. ఇల్లు కట్టుట, పిల్ల పెండ్లి చేయుట తప్ప ఇంత పెద్ద వ్యయము మన సంసారములలో మరియొకటి లేదు. అయినను బండి యేదో నిర్ణయమై, మొదట కట్టవలసిన సొమ్మునకు గాజులు కావలసి వచ్చిన నాడు గాని స్త్రీకి ఆ కబురు తెలియుట లేదు. ఈ పద్ధతి మాకు నచ్చదు.

మేము జనగామలో కాపురముండు వారము. మా పుట్టినిల్లు మహబూబాబాదు దాపున నున్నది. మా అక్కగారి యిల్లు భూపాలపల్లి. 2016లో జిల్లాలు వేరగు వరకు ఈ మూడు పట్టణములును ఒక్క వరంగల్ జిల్లాలోనివే. ఈ యేడు మూడిండ్లలోను సరకుబండి మాటయే వినవచ్చుచున్నది. మా మరిది పాలు, కూరగాయలు తోలువాడు. మా అన్నగారిది మిరప సేద్యము. మా బావగారు ఊళ్లకు కిరాణా సరకు చేరవేయుదురు. మా వదినగారు తమ గాజులు తీసి యిచ్చుటకు ముందు, మా వారు లెక్కల పంతులు గనుక మమ్ము ఒకమారు లెక్క చూడుమని కోరిరి. అందు మూలమున ఈ విషయములు కొన్ని తెలిసికొంటిమి.

భారతమున అరణ్యపర్వములోని నలోపాఖ్యానము చదివిన సోదరీమణులకు బాహుకుని కథ జ్ఞాపకముండును. ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భకు చేరవలె ననగా, బాహుకుడు అశ్వశాలలోనికి పోయి, బలిసి నిగనిగలాడు గుర్రములను విడిచి, బక్కచిక్కినట్లు కనబడు వానిని తెచ్చి రథమునకు పూన్చెను. రాజునకు సందేహము కలిగెను. బాహుకుడు చూచినది వన్నె గాదు, ఆ దూరమును ఓర్వగల లక్షణము. అంగడిలో బండి ముందర నిలిచి రంగును, అద్దములను, పాటల పెట్టెను చూచి మురియు మన పిల్లవాండ్రకు ఈ కథ చెప్పవలసి యున్నది.

ఈ తరగతి బండ్లకు మన దేశమున దారి చూపినది 2005లో వెలువడిన టాటా ఏస్. దానిని హిందీవారు ముద్దుగా ‘ఛోటా హాథీ’ యనిరి. రెండు సిలిండర్ల 702 సి.సి. డీజిల్ యంత్రము, 16 గుర్రముల బలము, ముప్పాతిక టన్ను మోత. ఇవి దాని మొదటి లక్షణములు. ట్రాలీ ఆటోకును లారీకిని నడుమ నున్న ఖాళీని అది నింపినది. పిదప 2011లో అశోక్ లేలాండు వారి దోస్తు వచ్చినది. దాని మోత సుమారు 1,250 కిలోలు. 2015లో వచ్చిన మహీంద్రా జీతో మన జహీరాబాదు కార్ఖానాలోనే తయారగునది. 2016లో మారుతీ వారి సూపర్ క్యారీ వచ్చినది. వీని కన్నిటికిని పెద్దన్న వంటిది బొలెరో పికప్. రకమును బట్టి 1,300 మొదలు 1,700 కిలోలు, తరువాతి మ్యాక్స్ రకములలో రెండు టన్నుల వరకును మోయును. ఇంటిల్లిపాది కూర్చుండి వెనుక సరకు వేసికొను ఇసుజు బండియు ఒకటి కలదు. ఆంధ్రదేశమున శ్రీసిటీలో 2016 నుండి తయారగుచున్నది. అమెరికాలో పికప్ అన్నంతనే జనులకు తోచునది అట్టిదే. సోకునకు కొనువారి సంగతి వేరు గనుక మేము దానిని లెక్కలో చేర్చలేదు.

ఇన్ని బండ్లలో ఏది మంచిదని యడిగిన ప్రశ్నకు జవాబు లేదు. బండిని బండితో పోల్చి ప్రయోజనము లేదు. మన సరకుతో పోల్చవలెను. వడ్లనే చూడుడు. కొనుగోలు కేంద్రముల బస్తా 40 కిలోలు. ముప్పది బస్తాలు 1,200 కిలోలగును. ముప్పాతిక టన్ను బండికి 18 బస్తాలతోనే నిండుమోత; అనగా రెండుమారులు తిరుగవలెను. దోస్తు వంటిది ఒక్కమారే తీసికొనిపోవును. వడ్లు బరువు, చోటు తక్కువ పట్టును. ఎండుమిరప యట్లు గాదు. బస్తాలు ఉబ్బి యుండును. తూకము నిండక పూర్వమే బండి నిండును. అందును ఈ ప్రాంతపు చపాట మిరప కాయ వెడల్పైనది. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది గాని, ఆ గుర్తింపు బండిలో చోటు పెంచదు గదా. పత్తి సంగతి చెప్పనే యక్కరలేదు. కావున మిరప, పత్తి తోలువారు కిలోలను గాక వెనుక తొట్టి పొడవును కొలవవలెను. ఏస్, సూపర్ క్యారీల తొట్టి సుమారు 7 అడుగులు. పికప్పులలో 9 అడుగులును, పెద్ద రకములలో 10 అడుగులును కలవు. మేము చీర కొలుచు టేపు తీసికొనిపోయి కొలిచితిమి. అంగడివారు నవ్విరి, కొలతలు మాత్రము కాగితములోని వానితో సరిపోయినవి.

మా అన్నగారికి పది అడుగుల బండి కావలెనని పట్టుదల. మహబూబాబాదు, కేసముద్రము మార్కెట్లకే గాక, ధర పలికిన నాడు వరంగల్ ఏనుమాములకును తానే తోలవచ్చునని ఆశ. ఆశ తప్పు గాదు. అయితే వదినగారి యొద్ద గత సంవత్సరపు కిరాయి చీటీలన్నియు ఒక డబ్బాలో నున్నవి. వానిని తేదీల వారీగా పేర్చి చూడగా, సంవత్సరమున బండి పిలిచినది 31 దినములు మాత్రమే. కిరాయి మొత్తము 68 వేలు దాటలేదు. సొంతబండికి వాయిదాలే యేటికి లక్షన్నరకు మించును; బీమా, డ్రైవరు జీతము, చక్రములు వేరు. తక్కిన మూడువందల దినములు ఇతరుల సరకు తోలి సంపాదించు ఓపిక అన్నగారికి ఉన్నదా అని వదినగారు అడిగిరి. ఆయన జవాబు చెప్పక పొలమునకు పోయిరి. ఈ యేటికి కిరాయియే నిశ్చయమైనది; గాజులు వదినగారి చేతులనే యున్నవి.

ఈ మిరప కాలమున మరియొక సంగతి చెప్పక తప్పదు. కాయలేర వచ్చు కూలి స్త్రీలను సరకుబండ్ల వెనుక నిలువబెట్టి తోలుట మన వైపు నిత్యము చూచుచున్నాము. తొట్టిలో పట్టుకొనుటకు ఆధారము లేదు; తలుపు గొళ్లెము ఊడిన ఏమగునో చెప్పనేల? చట్టము దీనిని ఒప్పదు. సరకుబండిలో ఊరక ఎక్కించుకొన్నవారికి గాయమైన బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీం కోర్టు 2002లోనే తీర్పు చెప్పినది. అనగా ఆ కూలితల్లి కుటుంబమునకు చెల్లించవలసిన పరిహారము బండి యజమాని నెత్తిన బడును. అతనికి లేకున్న ఆమె పిల్లలకు ఏమియు దొరకదు. బండి కొనుటకు ముందే ఇంటి స్త్రీలు ఈ విషయమున గట్టిమాట తీసికొనవలెను.

జనగామలో మా మరిది కథ తారుమారు. అతనికి ఏడాది పొడుగునను పనియే. తెల్లవారుజామున నలువది లీటర్ల పాలక్యానులు పది, వానిపై కూరగాయల గంపలు. అన్నియు కలిపి అరటన్నుకు కొంచెము పైన. ఎదురింటివారు పెద్ద పికప్ కొన్నారని తానును అదియే కొనబోయెను. దినమునకు 60 కిలోమీటర్లు, నెలకు 25 దినములనిన 1,500 కిలోమీటర్లు. చిన్నబండి లీటరుకు 20, పెద్దది 15 కిలోమీటర్లు నడచుననుకొందము. ఒకదానికి 75 లీటర్లు, రెండవదానికి 100. లీటరు నూరు రూపాయలనుకొన్నను నెలకు 2,500, ఏటికి 30 వేలు ఊరక పొగయై పోవును. ఈ మైలేజీ సంఖ్యలు కంపెనీ కాగితమున జూచి నమ్మరాదు. అట్టి బండినే అట్టి సరకుతో నడుపువానిని టీకొట్టు వద్ద అడిగిన నిజము చెప్పును. సి.ఎన్.జి. బండి కొనదలచిన వారు ముందు బంకు ఎంత దూరమో చూచుకొనవలెను. గ్యాసు సీసాల బరువు చేత ఆ బండి మోత పెట్రోలు దానికన్న కొంత తగ్గును.

భూపాలపల్లి దారి వేరు. అక్కడ సింగరేణి గనులు, చెల్పూరున విద్యుత్కేంద్రము; బొగ్గు లారీలు, ఇసుక లారీలు త్రొక్కిన మార్గములు. బావగారి సరకు ముప్పాతిక టన్నుకు మించదు. తూకమును బట్టి చూచిన చిన్నబండి చాలును. కాని వానకాలమున మహదేవపురము, కాళేశ్వరము వైపు పల్లెలకు పోవునపుడు గుంటలలో 12 అంగుళముల చిన్నచక్రము దిగబడిన చోట 15 అంగుళముల చక్రము దాటిపోవును. కమాను పట్టీలు, అడుగు ఎత్తు, నిండుమోతతో ఎత్తు ఎక్కు శక్తి. అక్కడ చూడవలసినవి ఇవి. అందుచే మోత కన్న ఒక మెట్టు పెద్ద బండి తీసికొను మని మేమే చెప్పితిమి. మరిదికి చెప్పినది ఒకటి, బావగారికి మరియొకటి యని మా వారు పరిహాసమాడిరి. దారులు రెండైనపుడు మాట ఒకటి యెట్లగును?

చట్టపు సంగతులు కొన్ని. సరకుతో కూడిన మొత్తము బరువు 3,000 కిలోలు మించని బండికి 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము పర్మిట్టు అక్కరలేదు. పెద్ద పికప్పులలో కొన్ని ఈ గీత దాటును. కొనుటకు ముందే కాగితమున చూడవలెను. కారు నడుపు లైసెన్సుతో 7,500 కిలోల వరకు సరకుబండి నడుపవచ్చునని సుప్రీం కోర్టు 2017లో చెప్పి, 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ద్వారా స్థిరపరచినది. పాతబండి కొనువారికి నంబరు పలకయే జాతకచక్రము. ఎ.పి. 36 అని యున్న అది 2014కు పూర్వపు వరంగల్ బండి. టి.ఎస్. 25, 26, 27 వరుసగా భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామల గుర్తులు. అవి 2016 తరువాతివి. టి.జి. అని మొదలైనచో 2024 మార్చి తరువాతిది. ఎనిమిదేండ్లు దాటిన సరకుబండికి ఏటేట ఫిట్‌నెస్ పరీక్ష చేయింపవలెను. చవుకగా వచ్చినదని సంతోషించువారు ఆ ఖర్చును మరువరాదు.

ఇక అప్పు. వడ్డీ ‘ఎనిమిది’ అని చెప్పినంత మాత్రమున చాలదు, దేని మీద ఎనిమిది అని అడుగవలెను. 5 లక్షలు నాలుగేండ్లకు ‘ఫ్లాట్’ పద్ధతిన 8 శాతమనిన, తీర్చిన అసలుపై కూడ వడ్డీ పడుచునే యుండును; మొత్తము వడ్డీ 1,60,000, నెల వాయిదా 13,750. మిగిలిన అసలుపై మాత్రమే 8 శాతమైన వాయిదా సుమారు 12,206, వడ్డీ 86 వేలు. ఒక్క మాట అడుగుటలో 74 వేల భేదము! సరకుబండ్లపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. బిల్లులో అది తగ్గినదో లేదో చూచుకొనవలెను.

అక్కగారు రెండు తులముల గొలుసు ఇచ్చి, బండి తన పేర రిజిస్టరు కావలెనని కోరిరి. బావగారు మారుమాట చెప్పక సమ్మతించిరి. ఆర్.సి.లో అప్పిచ్చినవారి పేరును వ్రాయబడును. కడపటి వాయిదా తీరిన పిదప వారి యొద్ద 35వ ఫారము తీసికొని రవాణా కార్యాలయమున ఇచ్చి ఆ పేరు కొట్టివేయించినగాని బండి పూర్తిగా మనది కాదు. అక్కగారు ఆ ఫారము సంఖ్యను ఇంటి లెక్కల పుస్తకము మొదటి పుటలో వ్రాసికొనిరి.