పాత రాగి నాణెం: వయసు వేరు, విలువ వేరు

పూర్వికుల పెట్టెల్లోనో, దేవుని మందసంలోనో ఈస్టిండియా కంపెనీ కాలపు రాగి నాణెం ఒకటి కనిపించడం తెలుగు ఇళ్లలో వింత కాదు. దానిపై 1808 అనో, 1835 అనో సంవత్సరం చదవగానే లక్షల రూపాయల ఆశ మొదలవుతుంది. సామాజిక మాధ్యమాల్లో తిరిగే వీడియోలు ఆ ఆశకు ఆజ్యం పోస్తున్నాయి. అయితే నాణెం విలువను నిర్ణయించేది కేవలం దాని వయసు కాదు. అది ఏ నాణెం, అసలుదేనా, ఏ స్థితిలో ఉంది, అలాంటివి ఎన్ని మిగిలాయి అన్న ప్రశ్నలు తేలిన తరువాతే ధర ప్రస్తావన రావాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1803, 1808 సంవత్సరాలతో ముద్రించిన ఇరవై కాసులు, పది కాసుల నాణేలను ఉదాహరణగా తీసుకుందాం. ఇవి తయారైంది మద్రాసులో కాదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వద్ద మాథ్యూ బౌల్టన్ నెలకొల్పిన సోహో టంకశాలలో. ఒకవైపు రెండు సింహాల నడుమ కంపెనీ అధికార చిహ్నం, సంవత్సరం ఉంటాయి. రెండోవైపు పర్షియన్ లిపిలో ‘ఇరవై కాసులు నాలుగు ఫలూసులు’ అన్న అర్థమిచ్చే వాక్యం, దాని కింద రోమన్ అంకెల్లో విలువ కనిపిస్తాయి. ఇరవై కాసుల నాణెం దాదాపు 9.3 గ్రాముల బరువు, 30 మిల్లీమీటర్ల పైచిలుకు వ్యాసం కలిగి ఉంటుంది. పది కాసుల నాణెం బరువు అందులో సగం.

తెలుగు నేలకు ఇంకా దగ్గరి నాణేలు ఉత్తర సర్కారుల కోసం 1794, 1797 సంవత్సరాలతో వెలువడ్డాయి. వీటిపై ‘ఇంగ్లండ్ రాజు, పార్లమెంటుల ప్రాపున’ అనే భావం గల లాటిన్ నినాదం, కంపెనీ వర్తక ముద్ర, రూపాయికి 48 అనో 96 అనో సూచించే ఆంగ్ల వాక్యం ఉంటాయి. ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ విడుదల చేసిన కొన్ని రాగి నాణేలపై తెలుగు, తమిళ అక్షరాలు కూడా చోటు చేసుకున్నాయి. సొమ్ముకు మనం నేటికీ వాడే ‘డబ్బు’ అన్న మాట ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరేనని గుర్తు చేసుకోవచ్చు.

వయసుకూ విలువకూ పొంతన కుదరదనడానికి 1808 నాటి కాసులే సాక్ష్యం. ఆ సంవత్సరపు నాణేలను భారీగా మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డనర్ అనే కంపెనీ నౌక 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలోని గుడ్‌విన్ ఇసుకతిన్నెల వద్ద మునిగిపోయింది. 1980ల్లో గజ ఈతగాళ్లు ఆ శిథిలాల నుంచి లక్షల సంఖ్యలో నాణేలను వెలికితీశారు. ఎవరి చేతుల్లోనూ అరగని ఆ నాణేలు ప్రపంచమంతటా విక్రయానికి వచ్చాయి. అందువల్ల రెండు శతాబ్దాలు దాటినా, సాధారణ స్థితిలోని పది కాసుల నాణెం వందల రూపాయల్లోనే దొరుకుతుంది. మరోవైపు, 1803 నాణేల్లోనే మెరుగుపెట్టిన అచ్చులతో ప్రత్యేకంగా ముద్రించి, బంగారు పూత వేసిన ప్రతులు కొన్ని ఉన్నాయి. బొమ్మ అదే, సంవత్సరమూ అదే. వాటి ధర మాత్రం ఎన్నో రెట్లు అధికం.

అసలుదా, నకిలీదా అని తేల్చడానికి తొలి పరికరం చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు. గ్రాములో వందో వంతు వరకు చూపేదైతే మేలు. అరుగుదల వల్ల బరువు కొంత తగ్గడం సహజం. పెరగడం మాత్రం అనుమానించదగినది. రాగి అయస్కాంతానికి అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే, పైన ఉన్నది పూత మాత్రమే. ఆ తరువాత భూతద్దంతో అంచును పరిశీలించాలి. అసలు నాణేన్ని అచ్చుల మధ్య బలంగా కొట్టి ముద్రిస్తారు గనుక అక్షరాల అంచులు తీరుగా తేలతాయి. పోత పోసిన నకిలీలో అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలంపై గాలి బుడగల గుంటలు, మెత్తబడినట్టుండే అక్షరాలు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలు పనిచేసేవి కాబట్టి అక్కడి నాణేలు గుండ్రంగా, ఒకే తీరున ఉంటాయి. దేశీయ టంకశాలల్లో సుత్తితో కొట్టిన నాణేలు అలా ఉండవు. రాగి బిళ్ల అచ్చుకంటే చిన్నదైతే సగం అక్షరాలు బయటే మిగిలిపోతాయి. వంకర టింకరగా ఉన్నంత మాత్రాన నకిలీ అనలేము, చక్కగా ఉన్నంత మాత్రాన అసలూ అనలేము. ఏ టంకశాల నాణేన్ని ఆ టంకశాల పద్ధతితోనే పోల్చాలి.

కొన్ని నకిలీలకు త్రాసు కూడా అక్కరలేదు, చదివితే చాలు. శ్రీరామ పట్టాభిషేకం, హనుమంతుడు, కమలం వంటి బొమ్మలతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 వంటి సంవత్సరాలతో ‘ఒక అణా’, ‘అర్ధణా’ బిళ్లలు సంతల్లో విరివిగా కనిపిస్తాయి. కంపెనీ ఇలాంటి రాగి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు. అర్ధణా అని ఆంగ్లంలో రాసిన కంపెనీ నాణేలు 1830ల నాటివి. బ్రిటిష్ ఇండియాలో అణా నాణెం 1907లో గానీ రాలేదు, అదీ రాగిది కాదు. మద్రాసు వరహాలపై విష్ణుమూర్తి ఉన్న మాట నిజమే, కానీ అవి బంగారు నాణేలు. దేవాలయాల్లో పూజించే రామటంకాలు భక్తి ముద్రికలు మాత్రమే, చెలామణి నాణేలు కావు.

ఇంతకంటే ప్రమాదకరమైనది ‘రైస్ పుల్లింగ్’ మోసం. పిడుగు పడిన రాగికి బియ్యపు గింజలను ఆకర్షించే శక్తి వస్తుందని, విదేశీ సంస్థలు దాన్ని కోట్లకు కొంటాయని నమ్మించి పరీక్షల పేరిట సొమ్ము గుంజుతారు. ఇనుప రజను పట్టించిన గింజలు, దాచిన అయస్కాంతం తప్ప అందులో మరో మహిమ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు ఇలాంటి ముఠాలను పలుమార్లు పట్టుకున్నారు. పాత నాణేలు కొంటామంటూ తమ పేరుతో రుసుములు, కమీషన్లు అడిగేవారిని నమ్మవద్దని, అలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. అమ్మేవారి నుంచి ముందుగా డబ్బు అడిగే కొనుగోలుదారు నిజమైన కొనుగోలుదారు కాడు.

నకిలీల కంటే ఎక్కువ నష్టం ఇంట్లోనే జరుగుతుంది. రాగి చెంబును చింతపండుతో తోమినట్టే నాణేన్నీ తోమడం మనవారికి అలవాటు. చింతపండులోని ఆమ్లం దశాబ్దాలుగా ఏర్పడిన గోధుమ రంగు పొరను, దానితో పాటు ఉపరితలంలోని సన్నని వివరాలను తినేస్తుంది. ఆ పొర మురికి కాదు, వయసు ముద్ర, లోహానికి రక్ష. నిగనిగలాడే గులాబీ రంగు నాణేన్ని చూడగానే సేకర్తలు ధర తగ్గిస్తారు. గట్టిగా అంటుకుని ఉన్న పచ్చని చిలుము వల్ల వెంటనే ముప్పు లేదు. లేత ఆకుపచ్చని పొడి రాలుతుంటే మాత్రం అది క్లోరైడుల వల్ల కలిగే క్షయం. ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, తేమ తగలకుండా ఉంచి, సంరక్షణ నిపుణులకు చూపాలి.

ధర తెలుసుకోవడానికి ఆన్‌లైన్‌లో అమ్మకందారులు అడుగుతున్న మొత్తాలు ఆధారం కావు. ఎంతైనా అడగవచ్చు. పేరున్న వేలంశాలల్లో అదే రకం, అదే స్థితిలోని నాణెం వాస్తవంగా ఎంతకు అమ్ముడైందో చూడాలి. లోహంగా లెక్కిస్తే ఏమీ మిగలదు: కిలో రాగి వెయ్యి రూపాయలనుకున్నా ఇరవై కాసుల నాణెంలో ఉన్నది తొమ్మిది రూపాయల పైచిలుకు రాగే.

నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కింద పురావస్తువు. దాన్ని సొంతంగా విదేశాలకు పంపడం నిషిద్ధం, వాటితో వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. పొలం దున్నుతుండగానో, పునాది తవ్వుతుండగానో దొరికినవి వారసత్వంగా వచ్చినవాటితో సమానం కావు. దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం వీలైనంత త్వరగా జిల్లా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి.